పద్నాలుగో తారీకు తడి మచ్చ

సంతకం నర్సుదే. అందులో నాకే కాదు, నర్సుకి కూడా అనుమానం లేదు.

"నాదే అక్కా. కానీ ఈ కాగితం మీద నేను పెట్టలేదు," అంది.

ఉదయం తొమ్మిదీ నలభై. ప్లీడరు గారి గదిలో ముగ్గురం కూర్చున్నాం. బల్ల మీద బిల్డరు దాఖలు చేసిన రెండు పేజీల నకలు ఒకటి ఉంది. పైన తేదీ, రెండేళ్ళ కిందటి ఆరో నెల పద్నాలుగు. నాలుగో బ్లాకు, పన్నెండో అంతస్తు, 1204 నంబరు ఇల్లు అన్ని హంగులతో పూర్తయి ఉండగా స్వయంగా చూసుకుని, తాళాలు తీసుకుని, సంతోషంగా స్వాధీనం చేసుకున్నానని, బిల్డరు మీద తనకు ఇక ఏ క్లెయిమూ లేదని మొదటి పేజీ చెబుతోంది. రెండో పేజీలో నర్సు సంతకం ఉంది.

ఆ ఇంట్లో నర్సు ఒక్క పూట కూడా ఉండలేదు. తాళం మొహం చూడలేదు. ఇల్లు ఇస్తామన్న గడువు దాటి రెండేళ్ళు అయింది. జీతంలోంచి లోను వాయిదా మాత్రం ఒక్క నెల కూడా ఆలస్యం లేకుండా కోసేస్తున్నారు. ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన ఒంటిగది క్వార్టర్లో ఆమె, ఎనిమిదేళ్ళ కూతురు ఉంటున్నారు. ముప్పయ్యో తారీకులోగా అది ఖాళీ చెయ్యమని నోటీసు వచ్చింది. ఆ రోజు ఇరవై నాలుగు.

ఆ బ్లాకులో ఇల్లు కొన్న పద్నాలుగు మంది కలిసి వినియోగదారుల ఫోరంలో ఫిర్యాదు చేశారు. విచారణ మర్నాడు పదిన్నరకి. మొదటి నంబరు నర్సుది. ఆమె కేసు ఎటు తేలితే మిగతా పదమూడూ అటే పోతాయి.

"చట్టం మనకి రెండు దారులిచ్చిందమ్మా," అన్నారు ప్లీడరు గారు కళ్ళజోడు తుడుచుకుంటూ. "మీ ఇల్లు మాకొద్దు అంటే, కట్టిన డబ్బంతా వడ్డీతో తిరిగివ్వాలి. లేదు, ఇల్లే కావాలి, ఆగుతాం అంటే, ఇల్లు చేతికిచ్చే రోజు దాకా ఆలస్యమైన ప్రతి నెలకీ వడ్డీ కట్టాలి. ఏ దారో ఎంచుకునే హక్కు నీది. కానీ ఈ కాగితం నిలబడిందనుకో, రెండు దారులూ మూసుకుపోతాయి. ఇల్లు అందిందని నువ్వే రాసిచ్చావు కదా మరి."

నేను ఒకప్పుడు కట్టడాల తనిఖీ ఆఫీసులో పనిచేశాను. చెప్పిన చోట సంతకం పెట్టనన్నందుకు ఇంటికి పంపేశారు. ఇప్పుడు నలుగురూ దాచినవి తవ్వి పెట్టడమే నా బతుకుతెరువు. పాత అలవాటు కొద్దీ ఫిర్యాదు కాపీ మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఒక ముక్క కనపడలేదు.

"ఆ బ్లాకులో కాపురం ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇంకా రాలేదుగా సార్? అది రాకుండా తాళాలిస్తే స్వాధీనం ఇచ్చినట్టే కాదు. ఆ మాట ఇందులో రాయలేదేం?"

"అది రేపు నోటితో చెబుదాంలే అమ్మా. ముందు ఈ సంతకం పీటముడి విప్పు."

పెద్దమనిషి, నలభై ఏళ్ళ అనుభవం. ఏదో లెక్క ఉండే ఉంటుందని ఊరుకున్నాను. నర్సుకైతే ఆయన దేవుడితో సమానం. ఫీజు వాయిదాల్లో తీసుకుంటున్నాడు, పైగా పిలిస్తే పలుకుతాడు. ఆయన్ని బాబాయ్ అని పిలుస్తుంది.

మెట్లు దిగుతుండగా ఆమెను ఆపి అడిగాను. "ఆ రోజుల్లో బిల్డరు ఆఫీసులో రెండు పేజీల కాగితం దేని మీదైనా సంతకం పెట్టావా? తొందరపడకు, గుర్తు తెచ్చుకుని చెప్పు."

నర్సు నాలుగు మెట్లు దిగి ఆగిపోయింది. "టైల్స్ రంగులక్కా! రంగులు ఎంచుకోమని అందర్నీ పిలిచారు. మొదటి పేజీలో రంగుల పట్టీ. బాత్రూముకి లేత నీలం టిక్కు పెట్టాను. రెండో పేజీలో 'పై వివరాలన్నీ చదివి ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటున్నాను' అని ఒక్క లైను, కింద సంతకం."

"పేజీ నంబర్లున్నాయా?"

"లేవనుకుంటా. అయినా రంగుల కాగితానికి నంబర్లెవరు చూస్తారక్కా?"

అదీ నిజమే. ఇల్లు కొనేవాళ్ళు ఒప్పందం కాగితాలని భూతద్దం పెట్టి చదువుతారు, టైల్స్ కాగితం మీద మాత్రం నవ్వుతూ సంతకం పెడతారు.

*

పదకొండున్నరకి బిల్డరు ఆఫీసులో ఉన్నాను. అసలు కాగితం చూసుకోవడానికి ఫోరం మాకు అరగంట ఇచ్చింది. ఫోటోలు తియ్యకూడదన్నది షరతు. ఎదురుగా తాళాల గుమస్తా కూర్చున్నాడు. ఇళ్ళ తాళాలు అప్పగించడం, సంతకాలు తీసుకోవడం అతని పని. గోడకి కొక్కేల బోర్డు ఉంది, ఒక్కో కొక్కేనికి ఒక్కో ఇంటి నంబరు.

కాగితాన్ని వెలుగుకి ఎత్తి చూడలేదు. అలా చేస్తే ఎదుటివాడికి పాఠం చెప్పినట్టే. మాట్లాడుతూ, పేజీ తిప్పుతున్నట్టు బొటనవేలితో మూల తడిమాను. మొదటి పేజీ మూలలో స్టేపులర్ పిన్ను చిల్లులు ఒక జత. రెండో పేజీ మూలలో రెండు జతలు, పక్కపక్కనే. అంటే రెండో పేజీ ఇంతకుముందు ఇంకో కాగితంతో కాపురం చేసి వచ్చింది. గుమస్తా ఆ సమయంలో ఫోన్లో ఎవరికో భోజనం ఏం తెప్పించాలో చెబుతున్నాడు.

ఫోన్ పెట్టాక అడిగాను. "ఆ రోజు తాళాలు మీరే ఇచ్చారా?"

"నేనేనండీ. పద్నాలుగు మందికీ."

"ఎన్ని గంటలకి?"

"పదకొండు నుంచి పన్నెండు మధ్య."

"పైకి తీసుకెళ్ళి చూపించారా?"

"అయ్యో, చూపించకుండా ఎలాగండీ? ఒక్కొక్కర్నీ వాళ్ళ వాళ్ళ ఇంటికి తీసుకెళ్ళి, ప్రతి కుళాయీ తిప్పి, ప్రతి స్విచ్చీ వేసి చూపించాను."

"గంటలో పద్నాలుగు ఇళ్ళు. అంటే ఇంటికి నాలుగు నిమిషాలు. లిఫ్టు ఎక్కి దిగడానికే మూడు పోతాయి. కుళాయిలు పరిగెత్తుతూ తిప్పారా?"

"అంటే... అందరూ కలిసే వెళ్ళామండీ."

"ఇప్పుడే ఒక్కొక్కర్నీ అన్నారు."

"కలిసి వెళ్ళి, ఒక్కొక్కరికీ చూపించామండీ."

"సరే, బాగుంది. రెండింటికి నేను 1204 చూడాలి. ఫోరం అనుమతి ఇదిగో. తాళం ఇప్పించండి."

గుమస్తా లేచాడు. 1204 కొక్కెం నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీశాడు. మూడు తాళాలు, కవరు కొత్తది, సీలు అలాగే ఉంది. సీలు చింపి ఒకటి నా చేతిలో పెట్టాడు. పెట్టాక గాని అతనికి వెలగలేదు.

"రెండేళ్ళ కిందట తాళాలు ఆవిడకి ఇచ్చేశారు కదండీ. మరి ఇవెక్కడివి?"

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మేడమ్, నేనిక్కడ చేరి ఏడాదిన్నరే అయింది. ఏం చెప్పాలో రాసిచ్చారు, చెబుతున్నాను. ఇంట్లో సంపాదించేవాణ్ణి నేనొక్కణ్ణే. నన్నొదిలెయ్యండి."

వదిలేశాను. ఇలాంటి వాళ్ళని తొక్కి నేను బావుకునేది ఏమీ లేదు. పైగా ఆ మాట ఫోరంలో చెప్పమంటే చచ్చినా చెప్పడు.

పన్నెండూ పదికి బయటికి వచ్చి, రోడ్డు మీద మూసి ఉన్న ఒక దుకాణం ముందు నిలబడి ప్లీడరు గారికి ఫోన్ చేశాను. చుట్టుపక్కల పురుగు కూడా లేదు. టైల్స్ కాగితం సంగతి, చిల్లుల సంగతి అంతా చెప్పాను. రేపు ఫోరంలో అసలు కాగితం తెప్పించి ఫోరం అధ్యక్షుణ్ణి వేలితో తడిమి చూడమంటే చాలన్నాను.

"భేష్! ఈ సంగతి మూడో కంటికి తెలియకూడదు సుమా," అన్నారు ప్లీడరు గారు. "సాయంత్రం ఆరింటికి నా దగ్గరకి వచ్చెయ్."

*

ఒంటిగంటా యాభై. 1204 తలుపు తీశాను. మూడు గదులు, వంటిల్లు, ఒక బాత్రూము. గోడలకి రంగు కొత్తగా ఉంది, నెల కూడా అయినట్టు లేదు. తలుపు గడియ పెట్టాల్సిన చోట రెండు చిల్లులు ఉన్నాయి గాని గడియ లేదు. బాత్రూములో టైల్స్ ముదురు ఆకుపచ్చ. పాపం, నర్సు లేత నీలానికి టిక్కు పెట్టింది.

బాత్రూములో తలెత్తి చూశాను. పలకల సీలింగ్, మధ్యలో తల పట్టేంత మూత. పైన నీటి గొట్టాలు బాగుచెయ్యడానికి వదులుతారు దాన్ని. వంటింట్లో పెయింటర్లు వదిలేసిన స్టూలు తెచ్చుకుని ఎక్కి, మూత పక్కకి జరిపి, టార్చి వేశాను.

ఇక్కడ ప్లంబర్ల పద్ధతి ఒకటి చెప్పాలి. బాత్రూము కట్టాక నేల కారుతోందా లేదా అని చూడటానికి గొట్టాలు మూసేసి జానెడు నీళ్ళు కట్టి వదిలేస్తారు. తర్వాత కింది అంతస్తుకి వెళ్ళి శ్లాబు అడుగు చూస్తారు. తడి మచ్చ కనిపిస్తే దాని చుట్టూ మైనపు రంగు ముక్కతో గీత గీసి తేదీ వేస్తారు. మళ్ళీ వస్తారు. మచ్చ పెరిగితే ఇంకో గీత, ఇంకో తేదీ. ఇదంతా ఎవరో చెప్పి చేయించేది కాదు. రేపు తాపీ పనివాడు తప్పంతా తమ మీదికి నెట్టకుండా వాళ్ళు దాచుకునే సాక్ష్యం అది. కింద సీలింగ్ వేసేస్తారు కనక దాన్ని చెరిపే శ్రమ ఎవరూ తీసుకోరు.

పదమూడో అంతస్తు బాత్రూము కారిన మచ్చ నా నెత్తిన ఉంది. ఒకదాని బయట ఒకటి, నీలం గీతలు. లోపలి గీత మీద ఆరో నెల తొమ్మిది. దాని బయట పన్నెండు. దాని బయట పద్నాలుగు. మహానుభావుడు సంవత్సరం కూడా వేశాడు. పక్కన చిన్న అక్షరాల్లో "ఇంకా కారుతోంది" అని రాశాడు. ఆ బయట పదిహేడు. చివరి గీత పక్కన ఏడో నెల రెండు, "ఆరింది."

అన్ని హంగులతో పూర్తయిన ఇల్లు నర్సు చూసుకుని మురిసిపోయిందని చెబుతున్న రోజున, ఈ బాత్రూముకి సీలింగే లేదు. పైనుంచి నీళ్ళు కారుతున్నాయి. గడువు తేదీ ఆరో నెలాఖరు. ఏడో నెల రెండున కూడా ప్లంబరు ఇక్కడ నిచ్చెనెక్కి నిలబడ్డాడు.

తొమ్మిది ఫోటోలు తీశాను. మూత యథాస్థానంలో పెట్టి దిగుతున్నాను, వెనక గొంతు వినిపించింది.

"ఏం మరదలా, బాత్రూముల్లో దూరడం ఇంకా మానలేదా?"

మా బావ. మా అక్క మొగుడు. నేనూ ఆయనా ఒకే ఆఫీసులో పక్కపక్క బల్లల దగ్గర పనిచేశాం. చెప్పిన చోటల్లా ఆయన సంతకం పెట్టాడు. అందుకే ఇప్పుడు ఈ బిల్డరు దగ్గర నిఘా విభాగానికి పెద్ద. కొనుగోలుదారులు ఏం తవ్వుతున్నారో కనిపెట్టి పూడ్చడం ఆయన ఉద్యోగం. మా అక్క మొహం చూసి బావా అంటాను గాని, లేకపోతే ఇంకో మాట అనేదాన్ని.

"నువ్వు తలుపు చాటున నక్కడం మానావా బావా?"

"కిందికి దిగు. కంపెనీ స్థలం."

"మూడింటి దాకా ఫోరం అనుమతి ఉంది. ఇప్పుడు రెండూ ఇరవై ఆరు. కావాలంటే ఆ మూల నిలబడు, గడియారం చూసుకో. గడియారం ఎలాగూ కంపెనీదే కదా."

బావ స్టూలు వైపు, టైల్స్ వైపు, నా మొహం వైపు చూశాడు. పైకి మాత్రం చూడలేదు. "ఏం దొరికింది?"

"టైల్స్ రంగు తప్పు వేశారు."

"దానికి నష్టపరిహారం అడుగుతావా?"

"అడుగుతాను. ఆకుపచ్చ చూస్తే నాకు కడుపులో తిప్పుతుంది."

ఆయన నవ్వలేదు. "ఈ కేసు వదిలెయ్. రేపు నలుగురిలో నవ్వులపాలవుతావు. మీ అక్క బాధపడుతుంది."

"నిన్ను కట్టుకున్ననాడే అక్క పడాల్సిందంతా పడేసింది. కొత్తగా పడేదేం లేదులే."

అది తగలాల్సిన చోట తగిలింది. మెడ దాకా ఎర్రబడ్డాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "పిన్ను చిల్లులు లెక్కపెట్టుకుని మురిసిపోతున్నావు కదూ? మురిసిపో. రేపు అసలు కాగితం చూశాక నీ మొహం ఎలా ఉంటుందో చూడాలని ఉంది నాకు."

వెళ్ళిపోయాడు. నేను అక్కడే నిలబడిపోయాను.

చిల్లుల సంగతి బావకి ఎలా తెలుసు? గుమస్తా చూడలేదు. కాగితం నేను వెలుగుకి ఎత్తలేదు. నర్సుకి కూడా ఇంకా చెప్పలేదు. ఈ లోకంలో ఆ మాట నేను ఒక్క మనిషికే చెప్పాను. పన్నెండూ పదికి, రోడ్డు మీద, మూసిన దుకాణం ముందు.

*

రెండూ నలభైకి నర్సుకి ఫోన్ చేశాను. రెండోసారికి ఎత్తింది. గొంతు నిండా నవ్వు.

"అక్కా, నేనే చేద్దామనుకుంటున్నా! ఇంటి తాళాలొచ్చాయి!"

"ఎవరిచ్చారు?"

"ప్లీడరు బాబాయే. ఒంటిగంటన్నరకి వార్డు దగ్గరికే వచ్చాడు. రాజీ కుదిరిందట. ఇల్లు ఇచ్చేస్తారట, ముప్పయ్యో తారీకులోపే చేరిపొమ్మన్నాడు."

"సంతకం పెట్టావా?"

"పెట్టాను. ఇల్లు అందింది అని కాగితం. ఒకే పేజీ అక్కా, చదివే పెట్టాను."

"తేదీ?"

"తేదీ తర్వాత ఆఫీసులో వేస్తానన్నాడు."

స్టూలు మీద కూలబడ్డాను. కాగితానికి చిల్లులున్నాయని వాళ్ళకి తెలియదు. నేనే చెప్పాను. చెప్పిన గంటా ఇరవై నిమిషాల్లో చిల్లుల్లేని కొత్త కాగితం, అచ్చమైన సంతకంతో, తేదీ ఖాళీగా వాళ్ళ చేతికి వచ్చింది. రేపు ఫోరంలో "అసలు" కాగితం అదే అవుతుంది, రెండు పేజీల నకలు గుమస్తా పొరపాటంటారు.

ఉన్నదున్నట్టు చెప్పాను. నర్సు ఏడవడం మొదలుపెట్టింది.

"ఆరు రోజులే ఉన్నాయక్కా. పిల్ల తన పుస్తకాలు నాలుగుసార్లు పెట్టెలో సర్దుకుంది, నాలుగుసార్లు తీసింది. ఎక్కడికి వెళ్తున్నామమ్మా అని అడిగితే నోరు రావడం లేదు. ఇంకెవరు తెచ్చినా పెట్టేదాన్ని కాదు. బాబాయ్ తెచ్చాడు కదా!"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె మీద కాదు, ముసలాయన మీద, నా తెలివి మీద.

"ఏడుపు తర్వాత. సంతకం పెడుతుంటే ఎవరైనా చూశారా?"

"హెడ్ సిస్టర్ పక్కనే ఉంది. పెన్ను ఆవిడదే."

"ఫోటోలు తొమ్మిది పంపుతున్నాను, నీకూ, హెడ్ సిస్టర్‌కీ. ఇక విను. రేపు ప్లీడరు అక్కర్లేదు. ఫోరంలో నీ మాట నువ్వే చెప్పుకోవచ్చు, ఆ హక్కు నీకుంది."

ఫోటోలు పంపుతుండగానే ఇంకో ఫోన్ మోగింది. ప్లీడరు గారు.

"ఏమ్మా, ఏమైనా దొరికిందా అక్కడ?"

ఏమీ ఎరగనట్టు ఉండాలనుకున్నాను. "ఏమీ లేదు సార్. సీలింగ్‌తో సహా చూశాను, అంతా శుభ్రంగా ఉంది."

మాట జారాక తెలిసింది నేను పప్పులో కాలేశానని.

"సీలింగ్ ఎందుకు చూశావమ్మా?" అన్నాడు మెల్లిగా. ఫోన్ పెట్టేశాడు.

ఫోటోలు ఉన్నాయి, నిజమే. కానీ ఫోటో చూపిస్తే, ఎక్కడో గీసి తీసుకొచ్చారంటారు. శ్లాబు మీద ఉన్నది ఉండాలి, ఫోరం వాళ్ళు వచ్చి తలెత్తి చూడాలి. దాన్ని తుడిచెయ్యడానికి ఒక డబ్బా సున్నం చాలు. నా అనుమతి ఇంకో పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. ఆ తర్వాత నన్ను చెయ్యి పట్టి బయటికి పంపినా అడిగేవాడు లేడు.

అప్పుడు ఒక సంగతి తట్టింది. మళ్ళీ నర్సుకి ఫోన్ చేశాను. "తాళం నీ దగ్గరుందా? డ్యూటీ ఎవరికైనా అప్పగించి వెంటనే ఇంటికి రా."

"ఏ ఇంటికక్కా?"

"నీ ఇంటికే."

*

రెండూ యాభై ఎనిమిదికి వచ్చింది, తెల్ల యూనిఫారంలోనే, ఆయాసపడుతూ. గడప లోపల నిలబెట్టి చెప్పాను.

"వాళ్ళు రాయించుకున్న కాగితం ప్రకారం ఇవాళ్టి నుంచి ఈ ఇల్లు నీ స్వాధీనం. నువ్వు రమ్మంటే తప్ప ఎవడూ లోపలికి రాకూడదు. కానీ ఒకటి. 'ఇవాళ నేను ఇల్లు తీసుకున్నాను' అని నలుగురి ముందూ అన్నావంటే, ఇల్లొద్దు డబ్బు కావాలనే దారి నీకు మూసుకుపోయినట్టే. రెండో దారి ఒక్కటే మిగులుతుంది. ఆలోచించుకునే అను."

నర్సు గదులన్నీ ఒకసారి చుట్టి వచ్చింది. బాత్రూము ముందు ఆగి ఆకుపచ్చ టైల్స్ చూసింది. "ఛీ, ఇదేం రంగక్కా," అంది. వచ్చి గుమ్మంలో నిలబడింది.

మూడూ అయిదుకి లిఫ్టు తెరుచుకుంది. ముందు బావ, వెనక ప్లీడరు గారు, ఆ వెనక తెల్ల రంగు డబ్బాతో ఒక పెయింటరు. నర్సుని చూసి ప్లీడరు గారు ఒక్క క్షణం తడబడి, వెంటనే నవ్వు పులుముకున్నాడు.

"డ్యూటీ వదిలి వచ్చావేమ్మా? లోపల చిన్న మరమ్మతు ఉందట. పక్కకి జరుగు, పది నిమిషాల పని."

"నా ఇంట్లో మరమ్మతు నాకు చెప్పకుండా ఎవరు చేయిస్తున్నారు బాబాయ్?"

"నీ ఇల్లేమిటి, ఇంకా..."

"ఇవాళ ఒంటిగంటన్నరకి నాకు స్వాధీనం ఇచ్చారు. నేను తీసుకున్నాను. హెడ్ సిస్టర్ సాక్ష్యం. నా ఇంట్లోకి ఎవరూ రావద్దు."

ప్లీడరు గారు అడుగు ముందుకు వేశాడు. "పిచ్చిపిల్లా! ఇవాళ తీసుకున్నానంటే డబ్బు వెనక్కి రాదు, తెలుసా?"

"రాకపోనీ. ఆలస్యమైన ప్రతి నెలకీ ఇవాళ్టి దాకా వడ్డీ కడతారు. సర్టిఫికెట్ రాలేదు కాబట్టి ఇంకా ఎన్నాళ్ళు కట్టాలో కూడా రేపు అడుగుతాను. రెండో దారి సంగతి పొద్దున మీరే కదా చెప్పారు?"

పెయింటరు డబ్బా కింద పెట్టి, ఇదేదో తనకి సంబంధం లేని గొడవ అన్నట్టు గోడకి ఆనుకున్నాడు. ప్లీడరు గారి మొహం కందగడ్డలా అయింది. ఇన్నాళ్ళూ బాబాయ్ బాబాయ్ అంటూ చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి ఎదురు తిరిగితే పెద్దమనుషులు తట్టుకోలేరు. సంచీ తెరిచాడు. మధ్యాహ్నం సంతకం పెట్టించుకున్న కాగితం తీశాడు.

"స్వాధీనమా? ఏదీ స్వాధీనం? ఈ కాగితం ఉంటేగా నీకు స్వాధీనం!"

"చింపకండి!" అని బావ అరిచాడు.

అప్పటికే నాలుగు ముక్కలైంది. ముక్కలు నర్సు మొహాన విసిరాడు. అవి ఆమె భుజం మీంచి జారి గడప లోపల పడ్డాయి.

నా కాళ్ళ దగ్గర పడ్డ ముక్క వెల్లకిలా ఉంది. తేదీ ఖాళీగా లేదు. ఆఫీసుకి వెళ్ళే దాకా కూడా ఆగలేకపోయినట్టున్నాడు. ఇవాళ హెడ్ సిస్టర్ పెన్నుతో నర్సు పెట్టిన సంతకం పక్కన, ప్లీడరు గారి ముత్యాల్లాంటి దస్తూరీలో, రెండేళ్ళ కిందటి ఆరో నెల పద్నాలుగు అని ఉంది.

బావ కూడా చూశాడు. గబుక్కున వంగి చెయ్యి చాచాడు. అంతకంటే ముందే నర్సు తన తెల్ల బూటు ఆ ముక్క మీద పెట్టింది.

"చెయ్యి తియ్యండి సార్," అంది. "అది నా గడప ఇవతల పడింది."